మనోగాయమును మద్యపానమును

మద్యపానము దేహమును చెఱచును, ధనమును హరించును, సంసారమును కూల్చును అని మన పాఠశాల బాలబాలికలందఱు ఎఱుగుదురు. అయినను త్రాగువాడు ఏల త్రాగుచున్నాడని ప్రశ్నించువారు అరుదు. దుర్వ్యసనమని ఒక్క మాటతో తీర్చివేయుదుము. కొందఱి విషయమున ఆ మాట చాలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోని మన విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగిన ఒక సంగతిని ఈ పాఠమున వివరింప బూనితిమి.

మనోగాయమనగా నేమి? ఘాటుదారిలో లారీ బోల్తాపడి ప్రక్కవాడు మరణించుట, కౌండిన్య అడవినుండి వచ్చిన ఏనుగు పొలముకాపున్న రైతును త్రొక్కుట కన్నులార చూచుట, చిన్ననాట ఇంటిలోనే క్రూరముగ దెబ్బలు తినుట మొదలగువానివలన మనస్సునకు తగులు దెబ్బయే మనోగాయము. పెక్కుమంది కొలది వారములలో తేఱుకొందురు. కొందఱు నెల దాటినను తేఱుకొనరు. అట్టివారియందు నాలుగు విధములైన లక్షణములు కానవచ్చును. జరిగినది మరల జరుగుచున్నట్లు తలపులలోను కలలలోను తోచుట మొదటిది. దానిని జ్ఞప్తికి తెచ్చు స్థలములను, మాటలను తప్పించుకొని తిరుగుట రెండవది. తన్ను తాను నిందించుకొనుచు దేనియందును సంతోషము లేకుండుట మూడవది. చిన్న చప్పుడునకే ఉలికిపడుట, నిద్రలేమి, అకారణకోపము నాలుగవది.

మొదటి ప్రపంచయుద్ధమున ఇట్టి సైనికులు అనేకులు కనబడగా, 1915లో చార్లెస్ మయర్సు అను ఆంగ్లవైద్యుడు వారి వ్యాధిని ‘షెల్ షాక్’ అను పేరుతో వైద్యపత్రికలో వర్ణించెను. అయినను ఆ కాలమున పలువురు వారిని పిఱికివారనియే తలంచిరి. వియత్నాము యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుల అవస్థను చూచిన పిమ్మట, 1980లో అమెరికా మనోవైద్యసంఘము దీనిని ప్రత్యేకవ్యాధిగా తన పట్టికలో చేర్చెను. ఆ సైనికులలో పలువురు త్రాగుడునకు లోబడియుండిరి.

ఈ రెంటికిని సంబంధ మెట్టిది? మన మెదడులో బాదముగింజను పోలిన చిన్న భాగ మొకటి కలదు. అది ఊరికాపరివంటిది, అపాయము కనబడగనే కేక వేయును. మనోగాయము పొందినవానిలో ఈ కాపరి అపాయము లేనప్పుడును కేకలు వేయుచుండును. మద్యము మెదడును మందగింపజేయును గనుక ఆ కేక కొంతసేపు అణగును, నిద్రయు పట్టును. ఇదియే ఉచ్చు. మద్యము దిగిపోవువేళ మెదడు మునుపటికంటె ఎక్కువగా ఉద్రేకించును. అర్ధరాత్రమున మెలకువ వచ్చును, నిద్ర చెడును, మఱునాడు భయమును కోపమును హెచ్చును. మొదట ఒక గ్లాసుతో కలిగిన ఉపశమనమునకు పిమ్మట రెండు, మూడు కావలసివచ్చును. గాయము మానదు సరికదా, దానిపై రెండవ వ్యాధి చేరును. ఇట్లు బాధను అణచుకొనుటకే పలువురు మత్తును ఆశ్రయింతురని ఎడ్వర్డు ఖాంట్జియన్ అను వైద్యుడు 1985లో వ్రాసెను. త్రాగువారందఱును మనోగాయము పొందినవారు కారు. మనోగాయము పొందినవారందఱును త్రాగరు. అయినను ఈ రెండును ఒకే మనుష్యునియందు కూడుట తఱచు.

పరిశుద్ధగ్రంథము చదువువారికి ఇది క్రొత్త కాదు. లోకమంతయు జలప్రళయమున నశింపగా మిగిలిన నోవహు ద్రాక్షతోట నాటి, త్రాగి మత్తుడయ్యెను. ప్రాణభయముతో పాఱిపోయిన ఏలీయా బదరీవృక్షము క్రింద మరణమును కోరుకొనెను. దేవదూత అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల లేపెను. నొచ్చినవానికి మొదట కావలసినది మందలింపు కాదని ఇందువలన గ్రహింపవచ్చును.

శాసనముచే మద్యమును మాన్పుటకు మన సీమలో పలుమాఱులు యత్నము జరిగినది. 1937లో సేలము జిల్లాలో ఆరంభమైన మద్యనిషేధము 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించి లేవదీసిన ఉద్యమము రాష్ట్రమంతయు ప్రాకెను. 1993లో సారాయును, 1995లో సమస్తమద్యమును నిషేధింపబడెను. 1997లో ఆ సంపూర్ణనిషేధము సడలింపబడెను. ఆ స్త్రీల ధైర్యము కొనియాడదగినది. అంగడి మూయుట మేలే; అయినను అంగడి మూసినంతమాత్రమున లోపలి గాయము మానదు. దానికి వైద్యము వేఱుగ కావలెను.

అట్టి వైద్యము కలదు. శిక్షణ పొందినవారియొద్ద ఆ జ్ఞాపకమును మెల్లమెల్లగ చెప్పుకొని దాని భయమును తగ్గించుకొను పద్ధతియు, కొన్ని మందులును ఉపయోగపడుచున్నవి. త్రాగుడును మనోగాయమును ఏకకాలమున చికిత్స చేయుట మేలు. ఒక హెచ్చరిక: చిరకాలము మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల రెండు మూడు దినములలో మూర్ఛలును మతిభ్రమయు కలిగి ప్రాణాపాయము రావచ్చును. కావున వైద్యుని ఎదుటనే మాన్పింపవలెను. మనోవ్యాధులను గూర్చి సలహాకు ప్రభుత్వమువారి టెలీ మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. పూర్వము క్షయరోగమును సిగ్గుచే దాచుకొనెడివారు. 1915లో మదనపల్లెయొద్ద ఆరోగ్యవరము వెలసి, అది చికిత్సకు యోగ్యమైన వ్యాధియని మనవారికి చూపెను. ఈ వ్యాధినిగూర్చియు అట్టి తెలివి కలుగవలెను.

తుదకు విద్యార్థులారా, మీలో ఎవరి యింటనైన తండ్రి త్రాగి వచ్చి కొట్టుచున్నయెడల, అది మీ దోషము కాదు. అతని గాయము కారణము కావచ్చును గాని మిమ్ము కొట్టుటకు అది అనుమతి కాజాలదు. ఆ సమయమున వాదింపక సురక్షితమైన చోటికి పొండు. మీరు నమ్మిన పెద్దలకో, ఉపాధ్యాయులకో చెప్పుడు. చెప్పుట ఇంటిపరువు తీయుట కాదు; చెప్పకుండుటచే తండ్రి గాయము బిడ్డలకు సంక్రమించును. వినుటకు మేము సిద్ధముగ నున్నాము.