ఎట్లుంది జేజినాయనా?

కర్నూలులో ఇరవై రెండేండ్లు క్యాసెట్ రికార్డింగు సెంటరు నడిపినాను. జనం రాసిచ్చిన పాటల లిస్టు చూసి బ్లాంక్ క్యాసెట్టు నింపి ఇచ్చే పని. అరవై నిమిషాలదైతే పన్నెండు పాటలు, తొంభైదైతే పద్దెనిమిది. ఎంపీత్రీ సీడీలు వచ్చి బేరం పడిపోయినాక, 2006లో షట్టరు దించి కడపలో కొడుకు దగ్గరికి చేరినాను. ఇప్పుడు మనవడు ఫోన్లో కొత్త రాక్ ఆల్బం పెట్టినప్పుడల్లా ఒక ఇయర్‌ఫోను నా చెవిలో దూర్చి, “ఎట్లుంది జేజినాయనా?” అంటాడు. జవాబు చెప్పేది అనుకున్నంత సులువు కాదు. నోరు జారి, నాలుక కరుచుకుని నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

1. ఒకసారి విని నోరు తెరవద్దు

‘కందీసా’ 2000లో వచ్చింది. ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ చేసిన ఆల్బం. మెడిసిన్ చదివే కుర్రోడొకడు ఆ క్యాసెట్టు తెచ్చి, స్నేహితులకని మూడు కాపీలు అడిగినాడు. డెక్కులో పెట్టి టైటిలు పాట రెండు నిమిషాలు విన్నాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. “ఏంపా, ఇది భజనా, ఏడుపా?” అని కౌంటరు దగ్గర ఉన్న నలుగురి ముందూ నవ్వినాను. వాని మొహం చిన్నబోయింది.

కాపీ చేయాలంటే క్యాసెట్టు మొదటినుంచి చివరిదాకా నడవాల్సిందే గదా. మొదటి కాపీ నడుస్తున్నంతసేపూ లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాను. రెండోదానికి ఆ బ్యాండులోని రాహుల్ రామ్ బేస్ గిటారు నేల కింద నీళ్లు పారినట్టు వినబడింది. మూడోదానికి పెన్ను కింద పెట్టేసినాను. ఆ పాట అరమైక్ భాషలో ఉందనీ, కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అనీ ఎప్పటికో తెలిసింది. ఆ రోజు సాయంత్రం కుర్రోడు వచ్చినప్పుడు తప్పయింది అనేందుకు నోరు రాలేదు. చార్జీ మాత్రం పైసా తగ్గించకుండా తీసుకున్నాను.

2. స్పీకరు తప్పు పాట మీద వేయద్దు

డెక్కు హెడ్డుకు మట్టి పట్టితే ఎంత మంచి గొంతైనా దుప్పటి కప్పుకున్నట్టే వినిపిస్తుంది. స్పిరిట్లో ముంచిన దూదితో తుడిస్తే సరి. ఇప్పటి పిల్లలు ఫోను స్పీకర్లో విని “బేస్ లేదు” అంటారు. ఆ చిల్లంత స్పీకర్లో బేస్ యాడినుంచి వస్తుంది?

3. ఇండీ అంటే సొంత బోరు

ఇండీ అనేది ఒక రాగం పేరు కాదు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్న సంగతి. ఇంగ్లండులో మాంచెస్టరు బ్యాండు బజ్‌కాక్స్ కుర్రాళ్లు 1977 జనవరిలో అప్పు తెచ్చి, నాలుగు పాటల ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డు తామే వేసుకున్నారు. మొదట కొట్టించింది 1000 కాపీలు. మన పక్క రైతు అప్పు చేసి బోరు వేయించడం లాంటిదే ఇది. నీళ్లు పడొచ్చు, దుమ్ము లేవొచ్చు.

అందుకని జాలిపడి మెచ్చుకోవద్దు. నేను ఆ తప్పూ చేసినాను. తెలిసినవాళ్ల పిల్లలు సొంత డబ్బుతో పాటలు చేసి తెస్తే, “బ్రహ్మాండం” అని పంపించేవాణ్ని. బోరు వేసినాడని ఉప్పునీళ్లను తియ్యగున్నాయి అంటే ఆ రైతుకే నష్టం. ఏ పాటలో గొంతు తప్పిందో, ఏ చరణం సాగిందో చెప్పుంటే రెండోసారి బాగుచేసుకునేవాళ్లు.

4. వరస చెడగొట్టద్దు

ఇది నా వృత్తి పాపం. ఇరవై రెండేండ్లు ఆల్బాలను ముక్కలు చేసి అమ్ముకున్నాను. ఇప్పుడు మనవడు షఫుల్ నొక్కితే చేయి పట్టుకుంటాను. కర్నూలు నుంచి కడపకు బస్సెక్కి, వరసలో ఒక ఆల్బం పెడితే నంద్యాలకు రెండుసార్లు, ఆళ్లగడ్డకు మూడోసారి అయిపోతుంది. దారిలో ఓర్వకల్లు రాళ్ల పక్కన రాక్ వింటున్నామని వాడు ప్రతిసారీ అదే జోకు వేస్తాడు.

5. ఇంట్లో నేర్చిన చెవితోనే విను

కడప పెద్ద దర్గా ఉరుసులో కవాలీ విన్నవాళ్లకు తెలుసు. ఒకే మిస్రాను, అంటే ఒకే పాదాన్ని, తిప్పి తిప్పి పాడుతుంటారు. హార్మోనియం పైకి పోతుంది, చప్పట్లు ముదురుతాయి, మాట అదే ఉంటుంది, మనమే మారిపోతాం. మా ఊళ్లల్లో చెక్కభజన గూడా అంతే, అడుగు నిదానంగా మొదలై చివరికి దుమ్ము రేపుతుంది. గిటారు మీద ఒకే ముక్క ఐదు నిమిషాలు వాయిస్తే “బోరు కొడుతోంది” అనేవాళ్లు ఒకసారి ఉరుసుకు పోయి రావాలి. ఢిల్లీ బ్యాండు పీటర్ క్యాట్ రికార్డింగ్ కో 2024లో తెచ్చిన ‘బీటా’ ఆల్బంలో ట్రంపెట్ వినబడగానే నాకు పెండ్లి బ్యాండుమేళం గుర్తొచ్చింది. మనవడు సిగ్గుపడినాడు. నేను మెచ్చుకోలుగానే అన్నాను.

6. కొత్తదాన్ని పాతదాని పక్కన నిలబెట్టి కొట్టద్దు

“మా కాలంలో” అన్న మాట ముసలి జబ్బు. న్యూయార్క్ బ్రూక్లిన్ బ్యాండు గీస్ కుర్రాళ్లు 2025 సెప్టెంబరులో ‘గెటింగ్ కిల్డ్’ ఆల్బం విడుదల చేసినారు. మొదటి పాటలో అరుపులకు ఇయర్‌ఫోను పీకేసినాను. పాడే కామెరాన్ వింటర్ గొంతు తాగినోడు గోడ పట్టుకుని నడిచినట్టు ఊగుతుంది. మూడోసారికి ఆ ఊగుడులో తాళం తప్పలేదని అర్థమైంది. నా తీర్పు: డ్రమ్ములు అద్భుతం, మధ్యలో రెండు పాటలు తగ్గించొచ్చు. మనవడు ఒప్పుకోడు. ఒప్పుకోవాలని యాడుంది?

7. తెలుగు మాట

హైదరాబాదు చౌరస్తా బ్యాండు ‘ఊరెళ్లిపోతా మామా’ నాకు ఇష్టం. రెగే నడకలో మన మాట అంత చులాగ్గా కూర్చోవడం అంతకుముందు వినలేదు. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాకు ‘చిట్టి’ పాడితే కొందరు మొహం చిట్లించినారు. పాడేవాని ఇంట్లో గూడా పొయ్యి వెలగాల గదా, ఆయన్ను నేను తప్పుపట్టను. మలయాళంలో ‘అవియల్’ బ్యాండు 2008లోనే తన పేరుతో పూర్తి రాక్ ఆల్బం తెచ్చింది. మనవాళ్లు ఒక్కో పాటే యూట్యూబులో వదులుతున్నారు. నలభై నిమిషాలు వరసగా కూర్చోబెట్టే తెలుగు రాక్ ఆల్బం నా చేతికి ఇంగా రాలేదు.

కర్నూలులోనో, కడపలోనో, ప్రొద్దుటూరులోనో అట్లాంటిది చేస్తున్న పిల్లలుంటే నాకు వినిపించండి. మూడుసార్లు విన్నాకనే చెప్తాను. జాలిపడను.