ముందు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించు

చిరంజీవి అల్లునికి మైదుకూరు నుంచి మామ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఒక్క ఇ.ఎల్.84 వాల్వుతో ఆంప్లిఫైయర్ కట్టి తాత క్యాసెట్లు వినాలనుకుంటున్నావని చదివి సంబరపడ్డాను. పాత బి.ఇ.ఎల్. వాల్వు కొనాలా, రష్యాది కొనాలా అని అడిగినావు. బాగుండేది ఏదైనా సరే. బి.ఇ.ఎల్. వాళ్లు బెంగళూరులో 1960లలో చేసిన వాల్వులు ఇంకా పలుకుతున్నాయి గానీ, నీ డబ్బు అక్కడ పోయొద్దు. శబ్దాన్ని తేల్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

దాన్ని ఇక్కడే చుట్టించొచ్చు. బోరు మోటార్లు కాలుతూనే ఉంటాయి కాబట్టి మన పక్క వైండింగ్ అంగళ్లకు కరువు లేదు. అయితే మేస్త్రీకి అలవాటైన పని వేరు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కైతే ఇ, ఐ స్టాంపింగులను అటొకటి ఇటొకటి మార్చి మార్చి దూరుస్తాడు. నీదానికి ఇ లన్నీ ఒకపక్క, ఐ లన్నీ ఇంకోపక్క పేర్చి, నడుమ పలుచని కాగితం పెట్టాలి. ప్రైమరీలో 48 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎడతెగకుండా పారుతుంటుంది. ఆ సందు లేకుంటే ఇనుము దానికే నిండిపోయి డోలు దెబ్బ చచ్చిపోతుంది. 5,200 ఓమ్‌ల లోడు కోరే వాల్వుకు 8 ఓమ్‌ల స్పీకరు అంటే చుట్ల లెక్క సుమారు 25కు 1. ప్రైమరీ పొరల నడుమ సెకండరీ పొరలు రావాలి, లేకుంటే తాళాల గలగల వినబడదు. పక్కనే కూర్చుని చుట్టించు.

వాల్వు, టేపు ఎందుకింత తియ్యగా ఉంటాయన్నావు. ఒంటి వాల్వును కాస్త గట్టిగా నడిపితే షడ్జమానికి పై షడ్జమాన్ని తోడిస్తుంది. టేపును నిండుగా రికార్డు చేస్తే ఆ పై పంచమం వస్తుంది. తంబూరాతో పెరిగిన చెవికి ఇంపుగా ఉండక ఏమవుతుంది! అతిగా పోతే మాత్రం, నలుగురు కలిసి పాడేచోట ఈ తోడు స్వరాలు ఒకదాన్నొకటి తగులుకుని మాట అర్థం కాదు.

అందుకే తాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వాల్వును దారిలో పెట్టొద్దు. డెక్ నుంచి నేరుగా ఎక్కించు. ఆయన గొంతు ఉన్నదున్నట్టు దక్కాలి, తీపి వినేటప్పుడు కలుపుకోవచ్చు. ముందు హెడ్ తుడువు. దాని పక్కన స్ప్రింగున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, ‘స’ అక్షరం పదునుగా పలికేచోట ఆపు. క్యాసెట్ క్యాసెట్‌కూ మళ్లీ చూడాలి. 1963 నుంచి పలుకుతున్న మన కడప ఆకాశవాణి మీడియం వేవ్ నుంచి పట్టిన వాటికి ట్రెబుల్ పెంచొద్దు, బుస తప్ప ఏమీ రాదు.

ఇంకొక మాట, ఇది ఆజ్ఞ అనుకో. ఆంప్లిఫైయర్ లోపల 300 వోల్టులుంటాయి. స్విచ్ ఆపినా కండెన్సర్లలో మిగిలే ఉంటాయి. వాటికి అడ్డంగా 1 లక్ష ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ వెయ్యి. మీటరు సున్నా చూపించేదాకా చెయ్యి పెట్టొద్దు, ఎడమచెయ్యి జేబులో ఉండాలి.

స్టాంపింగు సైజు, తీగ గేజ్ రాసి పంపు. అంగట్లో నేను మాట్లాడి పెడతాను.

నీ మామ