నాల్గో పిల్ల గోడ ముట్టేదాకా

మెదక్

చిన్న బిడ్డకు తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పేజీన్నర నీ టైము గురించే రాసినవ్. ఈత రిలేలో మొదట దూకింది నువ్వేనని, ఇంత తక్కువ టైము నీకెన్నడూ రాలేదని. సంతోషమే. మీ నానమ్మ ఆ కాగితం దేవుని అర్రలో పెట్టి, ఏడుపాయల దుర్గమ్మకు మొక్కుకున్నది. కానీ నిన్న మీ అత్త గచ్చిబౌలి నుంచి ఫోన్ చేసి ఇంకో ముచ్చట చెప్పింది. నీ వంతు కాంగనే పైకొచ్చి, తువ్వాల కప్పుకొని, ఫోన్ పట్టుకొని మెట్ల మీద కూసున్నవట. ఆఖరి పిల్ల గోడ ముట్టి తలెత్తి చూస్తే గట్టు మీద ఇద్దరే ఉన్నరట.

నిజమేనా బిడ్డా? నాకు రాత్రి నిద్ర పట్టలే. చదువు ముచ్చట, రైల్వేల ఆటగాళ్ళ కోటా ముచ్చట అడుగుదామనుకున్న. అవన్నీ ఇంకోసారి.

రిలేలో మొదట ఈదినామె టైమొక్కటే సొంత రికార్డు లెక్కలోకి వస్తదని నువ్వే రాసినవ్ కదా. తక్కినోళ్ళు ముందటామె వచ్చేది చూసుకుంటా దూకుతరు, వాళ్ళకు అర సెకను దాకా కలిసొస్తది గనుక వాళ్ళవి లెక్క పెట్టరు. అందుకే మొదట దూకినోళ్ళకు తమ పని అయిపోయిందనిపిస్తది. మీ తమ్ముడు ఫోన్‌ల 2008 బీజింగ్ ఒలింపిక్స్ 4×100 రిలే చూపించిండు. ఆస్ట్రేలియా పిల్లగాడు ఈమన్ సలివన్ మొదటి వంతుల 47.24 సెకన్లకు ముట్టి ప్రపంచ రికార్డు కొట్టిండు. వాళ్ళ జట్టుకు వచ్చింది కంచు! అమెరికాకు మొదట ఈదినోడు ఫెల్ప్స్. ఆఖరోడు లెజాక్, ముప్పై రెండేండ్లోడు, చివరి మలుపు తిరిగినంక కూడా ఫ్రాన్స్ ఆయనకు వెనకనే ఉన్నడు. 46.06 సెకన్లలో ఈది 0.08 తేడాతో గెలిపిచ్చిండు. ఫెల్ప్స్ ఆ ఏడు ఎనిమిది బంగారాలు తెచ్చిండని లోకమంతా అంటది గాని, అందులో ఇదొకటి లెజాక్ చేతుల్లకెళ్ళి వచ్చింది. నేను మళ్ళమళ్ళ చూసింది మాత్రం ఫెల్ప్స్‌నే. ఎప్పుడో పైకొచ్చినోడు, గట్టు మీద నిలబడి గొంతు చినిగేటట్టు అరుస్తున్నడు.

నిలబడుమంటే దూకుమని కాదు సుమా. 2001లో జపాన్‌లోని ఫుకువోకాల ఆస్ట్రేలియా ఆడపిల్లలు 4×200 రిలేల ముందు ముట్టిన్రు. మిగతా జట్లు ఇంకా ఈదుతుండంగనే సంబురంతోని నీళ్ళల్ల దూకిన్రని పక్కకు పెట్టిన్రు. బంగారం బ్రిటన్‌కు పోయింది. పాపం, వాళ్ళ తప్పు మీద నాకు కోపమే రాదు.

తలకు కొబ్బరి నూనె పెడుతున్నవా? ఆ మందునీళ్ళకు జుట్టు పీచైతది. చెవులు తుడుచుకో.

మా చిన్నప్పుడు పూల్ యాడిది, మోటబాయే. నడుముకు బెండు కట్టుకొని నేర్చినం. తర్వాత నలుగురం పైస బిళ్ళ లోపలికి ఇసిరి ఒకని తర్వాత ఒకడు మునిగి వెతికెటోళ్ళం. ఆఖరోడు తేలేదాకా ఎవ్వడూ అంగీ తొడగొద్దని మా కట్టు. ఒకనాడు నా వంతు అయిపోయింది, ఆకలైంది, ఇంటికొచ్చి అన్నం తిన్న. నన్ను చూసి తక్కిన ఇద్దరూ లేచిన్రట. నాల్గోవాడు పైకొచ్చేసరికి కాలు పట్టేసింది. బాయి గోడకు మొలిచిన రావి వేరు పట్టుకొని, మోట కొట్టే ఆయన వచ్చిందాక వేలాడిండు. తెల్లారి నన్ను తిట్టలే. “పైస దొరికిందిర, నీకు చూపిద్దామని పైకొస్తే నువ్వు లేవు” అన్నడు. అరవై ఏండ్లాయె. పోయినేడు వాడు కాలం చేసిండు, పాడె పట్టినప్పుడు కూడా ఆ మాటే చెవులల్ల ఉన్నది.

నీకు కోపమొస్తున్నదేమో, మెట్ల మీద కూసున్నందుకే ముసలాయన ఇంత రాద్ధాంతం చేస్తున్నడని. ఒక్కతే ఈదేటోళ్ళకు కూడా జట్టుతోని పని పడ్తది. మన హైదరాబాద్ పిల్ల వృత్తి అగర్వాల్ 800, 1500 మీటర్లు ఒక్కతే ఈదేటామె. 2023ల హాంగ్‌జౌ ఆసియా క్రీడలల్ల 4×200 రిలేల నలుగురిలో ఒకతయి ఈదింది. నిన్ను కూడా ఎప్పుడన్న అసుంటి నలుగురిలోకి పిలుస్తరు బిడ్డా. పిలిచినోళ్ళు నీ టైము ముందే చూసి ఉంటరు.

నువ్వుల ముద్దలు బస్సుల పంపుతున్న. వచ్చే ఉత్తరంల నీ టైము రాయకు. ఆ నాల్గో పిల్లది రాయి. పేరు కూడా.

నీ తాత