కొండ దిగే సైకిలుకు బ్రేకులు ఎందుకు వేడెక్కుతాయి?

గుడారం, దుప్పట్లు, వంటసామాను కట్టుకుని నెల్లూరు నుంచి చీరాల వరకు కోస్తా వెంట సైకిలు మీద వెళితే పెద్ద ఎత్తుపల్లాలు తగలవు. తొక్కడం మానితే సైకిలు కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. అదే సామానుతో కొండ దిగడం వేరు. తిరుమల కొండను ఉదాహరణగా తీసుకుని లెక్క వేద్దాం.

తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు. అంటే సగటున 27 మీటర్లకు ఒక మీటరు వాలు.

మనిషి, సైకిలు, సామాను కలిసి 90 కిలోలనుకోండి.

స్థితిజశక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు
= 90 × 9.8 × 700 = 6,17,400 జౌళ్లు

దిగేటప్పుడు ఈ శక్తి ఏమవుతుంది? శక్తి నశించదు కదా! గాలి, ఘర్షణ, బ్రేకులు ఏవీ అడ్డుకోకపోతే అదంతా గతిజశక్తిగా మారి, కిందికి చేరేసరికి సైకిలు వేగం గంటకు 420 కిలోమీటర్లు దాటుతుంది!

బ్రేకు పట్టుకుని మెల్లగా దిగితే ఆ శక్తిలో ఎక్కువ భాగం రిమ్ములోను, బ్రేకు రబ్బర్లలోను వేడిగా మారుతుంది. మొత్తం శక్తి వేడిగా మారితే, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న రెండు లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి అది చాలు. రిమ్ము బాగా వేడెక్కితే ట్యూబులో గాలి పీడనం పెరుగుతుంది, టైరు పగలవచ్చు.

అందుకే బ్రేకును అదేపనిగా అదిమి పట్టరాదు. మలుపుకు ముందే రెండు బ్రేకులూ వేసి వేగం తగ్గించాలి. తిన్నని దారిలో, వేగం అదుపులో ఉన్నప్పుడు, కాసేపు వదలాలి. మధ్యమధ్య ఆగి రిమ్ములు చల్లారనివ్వాలి. వెంటనే వాటిని చేత్తో తాకకూడదు.

మీ ఊరి గుట్ట ఎత్తు, మీ బరువు, సైకిలు బరువు తీసుకుని ఇదే లెక్క మీరూ వేసి చూడండి.