కాల్‌పాల్ తాగి వచ్చిన పిల్లాడు

అమ్మలుకి పెద్దమ్మ రాసే ఉత్తరం.

జులైలో డబ్లిన్‌లోని బోమాంట్‌లోనే ఒక బడి హాల్లో జరిగే సమ్మర్ క్యాంపుకి అమ్మలు లీడరుగా కుదిరిందని విని పెద్దమ్మకి సంతోషం, దాని వెనకే కాస్త బెంగ. నాలుగేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా పిల్లలు, పొద్దున పది నుంచి రెండింటి వరకు. వాన పడితే అందరూ ఒకే హాల్లో. డబ్లిన్‌లో వానకి జులై అని మొహమాటం ఏమీ ఉండదు. గుంటూరులో మొదలుపెట్టి ఇక్కడ ముగించిన నర్సు ఉద్యోగంలో పెద్దమ్మకి తెలిసొచ్చింది ఏమిటంటే, క్యాంపులోకి జబ్బు ఎక్కువసార్లు అమ్మ చెయ్యో నాన్న చెయ్యో పట్టుకుని, నవ్వుకుంటూ గేటులోంచే వస్తుంది.

అలా వచ్చే పిల్లాడొకడు అమ్మలుకి మొదటి వారంలోనే తగులుతాడు. ఏడింటికి ఒళ్లు వెచ్చబడితే ఇంట్లో జ్వరం తగ్గించే కాల్‌పాల్ మందు పోసి పంపిస్తారు. పదింటికి గంతులేస్తుంటాడు. ఒంటిగంటకల్లా మందు దిగిపోయి మూల చేరి ముడుచుకుంటాడు. ఆలోగా ఇంకో ఇద్దరి సీసాల్లో నీళ్లు తాగేసి ఉంటాడు. అతని తల్లిని తిట్టుకోవడం తేలికే. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుందేమోనని ఆమె భయం, వారానికి కట్టిన ఫీజు పోతుందని దిగులు. మనవాళ్లకైతే పక్క వీధిలో అమ్మమ్మ కూడా ఉండదు. ఇక్కడి చట్టంలో ఫోర్స్ మజూర్ లీవ్ అని ఒకటుంది. ఇంట్లోవాళ్లకి హఠాత్తుగా జబ్బు చేసి, దగ్గర మనిషి ఉండి తీరాల్సి వస్తే ఏడాదిలో మూడు రోజులదాకా, మూడేళ్లలో ఐదు రోజులు మించకుండా, జీతంతోనే సెలవు ఇస్తారు. కొత్తగా దిగినవాళ్లకి దాని పేరు కూడా తెలియకపోవచ్చు. క్యాంపు ఫారంతో పాటు ఆ సంగతి నాలుగు ముక్కల్లో రాసి పంపితే, హెచ్చరికలు పది అచ్చేసినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. పోయిన రోజుకి బదులు మరో వారంలో ఒక రోజు ఇస్తామని నిర్వాహకుల చేత ఒప్పించగలిగితే మరీ మంచిది.

అలాగని చీమిడి ముక్కు కనపడ్డ ప్రతివాణ్ణీ వెనక్కి పంపితే మూడో రోజుకి క్యాంపులో కుర్చీలే మిగులుతాయి. పేలు పడ్డ పిల్లని పంపించక్కర్లేదు. చేతులమీదా నోట్లోనూ పొక్కులు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ ఉన్నా, పిల్ల హుషారుగా ఉంటే ఆపమని ఇక్కడి ఆరోగ్యశాఖ కూడా చెప్పదు. పట్టు విడవకూడనిది వాంతులు, విరేచనాల దగ్గర. చివరి వాంతి అయ్యాక 48 గంటలు ఇంట్లో. 'రాత్రే తగ్గిపోయింది, ఇడ్లీ కూడా తిన్నాడు' అంటారు. అయినా సరే, 48 గంటలే.

అంత పట్టుదల ఎందుకో ఒక పాత విందు చెబుతుంది. 1998 డిసెంబర్‌లో బ్రిటన్‌లోని ఒక హోటల్లో ఆరు బల్లల దగ్గర 126 మంది భోజనానికి కూర్చున్నారు. మధ్యలో ఒకామెకి వాంతి అయింది. తర్వాత 52 మంది జబ్బుపడ్డారు. ఆమె బల్ల దగ్గరివాళ్లలో నూటికి 91 మందికి వచ్చింది. దూరం పెరిగేకొద్దీ తగ్గుతూ, అన్నిటికన్నా దూరపు బల్ల దగ్గర నూటికి 25 మందికి వచ్చింది. దానికి కారణమైన నోరోవైరస్ వాంతి తుంపరల్లో గాల్లోకి లేస్తుంది. కాబట్టి హాల్లో ఎవరికైనా వాంతి అయితే అమ్మలు ముందు చేయాల్సింది తుడవడం కాదు, మిగతా పిల్లల్ని బయటికి నడిపించడం, కిటికీలు తెరవడం. ఆ తర్వాతే గ్లవ్స్, పేపర్ టవళ్లు, సబ్బు నీళ్లు, ఆఖరున బ్లీచ్ నీళ్లు. తుడవకుండా బ్లీచ్ కుమ్మరిస్తే పని చేయదు. గోడకి వేలాడే చేతుల జెల్‌ని కూడా ఈ విషయంలో నమ్మకూడదు, నోరోవైరస్‌కి అది సరిగా లొంగదు. సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు.

జంతువుల ఫారానికి పిల్లల్ని తీసుకెళ్లే రోజున ఈ చేతులు కడిగే మాట ఇంకా గట్టిగా చెప్పాలి. 2009 వేసవిలో ఇంగ్లండ్‌లో సర్రేలోని గాడ్‌స్టోన్ ఫారం నుంచి 93 మందికి ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా సోకింది. వాళ్లలో ఎక్కువమంది పదేళ్లలోపు పిల్లలు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఐర్లండ్‌లో ఈ జబ్బు కేసులు ఐరోపా దేశాల్లో ఎక్కువగా నమోదయ్యేవాటిలో ఉంటాయి. మేకపిల్లని ముద్దు చేసిన చేత్తోనే శాండ్‌విచ్ తినడం దగ్గరే అసలు ప్రమాదం. చేతులు కడిగాకే తిండి డబ్బా తెరవాలి.

ఇక్కడ పెద్దమ్మకి మన ఇంటి మాట ఒకటి గుర్తొస్తుంది: ఎంగిలి. ఒకరు కొరికి తిన్నది ఇంకొకరు ముట్టరు, గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తిపోసుకుని తాగుతారు. డబ్లిన్ పిల్లలకి ఎత్తిపోసుకోవడం నేర్పితే హాలంతా తడుస్తుంది కానీ, ప్రతి సీసామీదా పేరు రాసి 'ఎవరి సీసా వాళ్లదే' అనే ఆట ఆడించవచ్చు. అలాగే మన ఊళ్లలో ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. వేపాకు వైరస్‌ని చంపిందో లేదో కానీ, ఈ ఇంట్లోకి రావద్దని వీధికంతా చాటింది. ఆ చాటింపు క్యాంపులోనూ కావాలి. ఒక పిల్లకి ఆటలమ్మ అని తేలితే, పేరు చెప్పకుండా ఆ రోజే తల్లిదండ్రులందరికీ మెసేజ్ వెళ్లాలి. పొక్కులు కనపడకముందే ఒకటి రెండు రోజులు అది అంటుకుంటుంది. వేడి దేశాల్లో పెరిగినవాళ్లలో చిన్నప్పుడు ఆటలమ్మ పోయనివాళ్లు ఇక్కడివాళ్లకన్నా ఎక్కువ. కడుపుతో ఉన్న మన ఆడపిల్ల ఎవరైనా గేటు దగ్గర నిలబడి ఉంటే ఆ మెసేజ్ ఆమెకి చాలా అవసరం. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా ఆ పిల్ల ఇంట్లోనే ఉండాలి.

తట్టు మాత్రం వేరే స్థాయి. 2000లో ఉత్తర డబ్లిన్‌లో, అంటే అమ్మలు పనిచేయబోయే వీధుల చుట్టుపక్కలే, తట్టు చెలరేగింది. టెంపుల్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి 355 మంది వచ్చారు, 111 మందిని చేర్చుకున్నారు, ముగ్గురు పిల్లలు పోయారు. పెద్దమ్మ ఈ దేశానికి రాకముందు మాట ఇది. కానీ వచ్చిన కొత్తలో తోటి నర్సులు ఆ ఏడాది గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. తట్టున్న పిల్ల వెళ్లిపోయాక కూడా రెండు గంటలదాకా ఆ గదిలో వైరస్ ఉంటుంది. సబ్బు, బ్లీచ్ దాన్ని ఆపలేవు. టీకాయే ఆపాలి.

ఇందులో మన కుటుంబాలకి ఒక చిక్కు ఉంది. ఇండియాలో మన ప్రభుత్వ టీకాల పట్టికలో తట్టు మొదటి మోతాదు తొమ్మిదో నెలలోనే మొదలవుతుంది, పైగా అది తట్టు, రుబెల్లాలకే, గవదబిళ్లలకి కాదు. ఇక్కడ మొదటి పుట్టినరోజుకి ముందు వేసినదాన్ని లెక్కలోకి తీసుకోరు. ఈ మూడింటికీ కలిపి వేసే ఎమ్ఎమ్ఆర్ ఒకటి ఏడాది నిండాక, రెండోది బడిలో చేరే జూనియర్ ఇన్‌ఫంట్స్ తరగతిలో. 'మా వాడికి అన్నీ వేయించాం' అని తెలుగు తల్లి చెప్పేది నిజమే, కానీ కార్డు తీసి తేదీలు చూడమని అమ్మలు మెల్లగా అడగాలి. తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లమనడమే ఆమె పని, టీకాల మీద వాదించడం కాదు.

అన్నిటికీ ముందు ఫారంలో రెండో ఫోను నంబరు తప్పనిసరి చేయాలి. పన్నెండున్నరకి తల్లి మీటింగులో ఉండి ఎత్తకపోతే, ఒళ్లు కాలిపోతున్న పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని హాలు బయట కూర్చునేది అమ్మలే. శనివారం ఆ ఫారం నకలు పట్టుకుని వస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం. పెసరట్లకి పెసలు నానబెట్టి ఉంచుతుంది పెద్దమ్మ.