కొత్త మొక్కకు పేరు ఎలా పెడతారు?

మేము ముగ్గురం ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాం. తర్వాత డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం రాసివ్వమంటే, తొమ్మిదో తరగతిలో మేము చేసిన ఒక తెలివితక్కువ పని గుర్తుకొచ్చింది. తమ్ముళ్లకు దాంతోనే మొదలుపెడతాం.

ఆ ఏడు దసరా సెలవుల్లో మాలో ఒకడి ఊరికి వెళ్లాం. మేకల వెంట గుట్ట ఎక్కితే రాళ్ల సందున, ముళ్లపొద నీడలో వింత కాడలు కనిపించాయి. ఆకులు లేవు. కాడకు నాలుగు పలకలు. పైకి పోయేకొద్దీ సన్నబడి, కొస దగ్గర ఊదా రంగు చిన్న చిన్న పువ్వులు. అలాంటిది మా సైన్సు పుస్తకంలో లేదు. పుస్తకంలో లేదంటే లోకంలో ఎవరికీ తెలియదనే అనుకున్నాం! కనిపించినవన్నీ పీకి ప్లాస్టిక్ సంచిలో కుక్కాం. మా పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి బస్సులోనే దానికి పేరు కూడా పెట్టేశాం.

సైన్సు మాస్టారు మమ్మల్ని పక్క టౌనులో బోటనీ లెక్చరర్ గారి దగ్గరికి తీసుకెళ్లారు. సంచి విప్పేసరికి పువ్వులు రాలి కుళ్లిపోయి ఉన్నాయి. ఆయన నవ్వలేదు. "ఎక్కడ దొరికింది? ఏ తేదీన? కాయ చూశారా? అక్కడ ఇంకా ఎన్ని మొక్కలున్నాయి?" అని అడిగారు. చివరి ప్రశ్నకే మా దగ్గర జవాబుంది. "ఒక్కటీ లేదు సార్, అన్నీ తెచ్చేశాం."

ఆయన కాసేపు ఊరుకుని, "మీ ఇళ్లలో దీన్ని ఏమంటారు?" అన్నారు. మేకల ఇంటి పిల్లవాడు తల దించుకుని, "మా అవ్వ కారల్లం అంటుంది సార్, పచ్చడి నూరుతుంది" అన్నాడు. ఇంటి మాట సైన్సుకు పనికిరాదని వాడు అప్పటిదాకా మాకు కూడా చెప్పలేదు. "దీని శాస్త్రీయ నామం అదేరా" అన్నారు లెక్చరర్ గారు.

ఆ కథ ఇది. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన రాసిన పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. మొత్తం 300 బొమ్మలు. అందులో మన కారల్లం కూడా ఉంది. దానికి స్టెపీలియా ఎడ్‌సెండెన్స్ అని పేరు పెట్టి, తెలుగువాళ్లు 'కారల్లం' అంటారని, పచ్చి కాడలే తింటారని రాశాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ ఇది స్టెపీలియాలలో చేరదని తేల్చి, 1810లో వేరే ప్రజాతి చేసి, ఆ తెలుగు మాటతోనే కారల్లూమా అన్నాడు. సండ్ర చెట్టు 'సండ్రా', సోమిద చెట్టు 'సోయిమిడా' అయింది కూడా ఇలాగే. రాక్స్‌బర్గ్‌కు బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. ఆ మాట ఆయన చెవిన వేసిన మనిషి ఎవరో మాత్రం పుస్తకంలో లేదు.

ఇప్పుడు అసలు పాఠం. మొక్క కొత్తది అనాలంటే ముందు అది పాతది కాదని తేలాలి. హుకర్, గ్యాంబుల్ వంటివారు రాసిన వృక్షజాల గ్రంథాలన్నీ వెతకాలి. హెర్బేరియంలలో దాచిన ఎండు నమూనాలతో పోల్చాలి. నెలల పని ఇది. ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

వర్ణన అంటే పొగడటం కాదు, కొలవటం. కాండం ఎంత ఎత్తు, పలకలెన్ని, రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు ఎన్నేసి, వాటి పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, నూగు ఉందా లేదా. కారల్లం జిల్లేడు కుటుంబానిది. పుప్పొడి పొడిగా రాలదు, చిన్న తిత్తులుగా ఉంటుంది. కాయలు జంటగా కొమ్ముల్లా నిలబడతాయి. గింజకు జిల్లేడు గింజకున్నట్టే పట్టుకుచ్చు ఉంటుంది. పువ్వూ కాయా లేకుండా తెచ్చిన మా సంచితో ఎవరూ ఏమీ తేల్చలేరు.

నమూనాను పాత పేపర్ల మధ్య నొక్కి, పేపర్లు మారుస్తూ ఆరబెట్టి, అట్టకు అంటించి, చోటు, తేదీ, సేకరించినవారి పేరు రాయాలి. కారల్లం వంటి కండగల మొక్క అయితే ముందు మరిగే నీళ్లలో ముంచాలి. లేకపోతే పేపర్ల మధ్యనే బతికి పెరుగుతుంది! కొత్త జాతికి ఆధారంగా ఒక నమూనాను ఎంచి హెర్బేరియంలో భద్రపరుస్తారు. దాన్నే టైపు అంటారు. రేపు ఎవరికి సందేహం వచ్చినా ఆ అట్టనే చూడాలి.

ఇక పేరు. లిన్నేయస్ 1753లో అచ్చువేసిన గ్రంథం నుంచి మొక్కల పేర్ల లెక్క మొదలవుతుంది. పేరుకు రెండు మాటలు, ముందు ప్రజాతి, తర్వాత జాతి. 2011 చివరి వరకు వర్ణన లాటిన్‌లో రాయాల్సి వచ్చేది. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషు కూడా చెల్లుతోంది. తెలుగులో మాత్రమే రాస్తే చెల్లదు. అది మాకు కష్టంగానే ఉంటుంది. కానీ పేరు ఏ భాష నుంచైనా తీసుకోవచ్చు. తన పేరు తనే పెట్టుకోవటం మర్యాద కాదట. బస్సులో పెట్టిన పేరు అలా కూడా పోయింది.

కొత్తవి అన్నీ అయిపోయాయని అనుకోవద్దు. లక్షలమంది ఎక్కి దిగే తిరుమల కొండల్లో కొండ సాంబ్రాణి చెట్టు ఉంది. గడ్డి మొలక కాదు, చెట్టు. బంక తీసేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అది వేరే జాతి అని ఎన్.పి.బాలకృష్ణన్, ఎ.ఎన్.హెన్రీ శాస్త్రీయంగా వర్ణించింది 1961లో. చిరుఆకులు అండాకారంలో ఉంటాయి కాబట్టి బోస్వెల్లియా ఓవలిఫోలియోలేటా అన్నారు.

కారల్లం కథ కూడా ముగియలేదు. 2017లో కొందరు శాస్త్రవేత్తలు కారల్లూమాను సెరోపీజియా అనే ప్రజాతిలో కలిపేశారు. అందరూ ఒప్పుకోలేదు. ఇంకోపక్క ఈ కాడల సారంతో బరువు తగ్గటానికంటూ మాత్రలు అమ్ముతున్నారు. అవ్వ వీటిని నమిలింది గంజి దొరకని పూట ఆకలి చంపుకోవటానికి.

మరుసటి ఏడు వానలు పడ్డాక మళ్లీ ఆ గుట్ట ఎక్కాం. రాళ్ల సందున, మేము పీకగా మిగిలిన వేరు నుంచి రెండు కాడలు లేచి ఉన్నాయి. ముట్టుకోలేదు. స్కేలు పెట్టి కొలిచి, నోటుబుక్కులో బొమ్మ గీసి, తేదీ వేశాం. 'స్థానిక నామం' అన్న చోట కారల్లం అని రాసి, 'చెప్పినవారు' అని ఇంకో గడి గీసి అందులో అవ్వ పేరు రాశాం.