పెంపుడు కుక్క వైద్యమునకగు వ్యయము

ఖరగ్‌పూర్ పట్టణమునకు తెలుగువారు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలముననే వచ్చి చేరిరి. అచ్చట జంక్షనును, వర్క్‌షాపును వెలసిన పిమ్మట, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు రైల్వే క్వార్టర్లలో స్థిరపడినవి. ఇట్టి ఇండ్లలో కుక్కను పెంచుట వింత కాదు. కాని జీతముపై బ్రదుకు కుటుంబమునకు దాని వైద్యవ్యయము చిక్కుగా పరిణమించును. రైల్వే ఆసుపత్రి ఉద్యోగికిని, అతనిపై ఆధారపడిన వారికిని చికిత్స చేయును; కుక్క ఎంత విశ్వాసము గలదైనను ఆ జాబితాలోనికి రాదు.

ఖర్చునకు వెరచి టీకాను వాయిదా వేయుట పలువురు చేయు పొరపాటు. పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్, లక్షణములు పొడసూపిన పిదప మనుష్యునకైనను, కుక్కకైనను దాదాపుగా మరణమే గతి. కుక్కపిల్లకు మూడు నెలల వయస్సున మొదటి టీకాయు, వైద్యుడు చెప్పిన గడువున రెండవదియు వేయించి, ఆ పిమ్మట ఏటేట వేయించవలెను. ప్రభుత్వ పశువైద్యశాలలో దీనికి పట్టు వ్యయము స్వల్పము. సెప్టెంబరు 28వ తేదీ ప్రపంచ రేబిస్ దినముగా పాటింపబడుచున్నది. ఆ దినములలో అనేక పట్టణములందు ఉచితముగా టీకాలు వేయుదురు. ముందుగా విచారించుకొనుట మేలు.

పార్వో వ్యాధి సోకిన పిల్లకు దినముల తరబడి సెలైను ఎక్కించవలసి వచ్చును. ఆరు, ఎనిమిది వారముల వయస్సున ఆరంభించు టీకాల ఖర్చు దానిముందు చాల తక్కువ. పిడుదులను ఎప్పటికప్పుడు ఏరివేసినచో జ్వరములు కొన్ని తప్పును. జీతము వచ్చిన నాడే, చీటి కట్టినట్లు, కొంత సొమ్ము వేరుగా ఉంచుకొనవలెను.

జబ్బు చేసినప్పుడు తన స్తోమతును వైద్యుని యొద్ద దాచుట తగదు. ఏ పరీక్ష నేడే కావలెనో, ఏది రెండు దినములు ఆగవచ్చునో అడిగినచో ఆయన చెప్పగలడు. ఇంటిలోనున్న పారాసెటమాల్, ఐబుప్రొఫేన్ బిళ్ళలు మాత్రము వేయరాదు. అవి కుక్కకు విషతుల్యములు కావచ్చును. పెద్ద చికిత్స కావలసిన యెడల కలకత్తాలోని బెల్గాచియాకు పోవచ్చును. 1893లో స్థాపితమైన బెంగాల్ పశువైద్య కళాశాల అచ్చటిదే. అయితే రెండవ తరగతి పెట్టెలో కుక్కను తీసికొనిపోనీయరు. గార్డు పెట్టెలోని కుక్కల గూటికై పార్సిలు ఆఫీసున ముందే విచారించవలెను. రైల్వేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఖర్చు భరింపలేక జబ్బు కుక్కను వీధిలో విడుచువారును కలరు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి, బాధకు గురియగునట్లు జంతువును విడుచుట నేరము. అంతేగాక, టీకాలేని ఆ కుక్క ఆ వీధి పిల్లలకే అపాయకారి.

కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పోయు నీటితోను పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు పూయరాదు. కరచినది పెంపుడు కుక్కయే యైనను ఆ దినముననే ఆసుపత్రికి పోయి సూదిమందు ఆరంభింపవలెను. ఆ కుక్కను చంపక, తరిమివేయక, పది దినములు కట్టియుంచి కనిపెట్టవలెను. అది ఆరోగ్యముగా నున్నచో, మిగిలిన సూదులు అవసరమో కాదో వైద్యుడే నిర్ణయించును.